పచ్చి కోడి తినే ఊళ్లో చికెన్ షాపు వాళ్లబ్బాయి

కగోషిమాలో ఏ సూపర్ మార్కెట్‌కి వెళ్లినా పచ్చి చేపల అర పక్కన ఇంకో చిన్న అర కనిపిస్తుంది. ట్యూనా ముక్కల్ని ఎంత పల్చగా, ఎంత అందంగా పేరుస్తారో అలాగే పేర్చిన కోడి మాంసం. ముక్క అంచు తెల్లగా, అక్కడక్కడా మాడిన మచ్చలతో ఉంటుంది. మధ్యలో మాత్రం గులాబీ రంగు. పచ్చిదే. పక్కనే బుల్లి ప్యాకెట్లో తియ్యటి సోయా సాస్. ఇది ఇంటికి పట్టుకెళ్లి కూర వండుకోడానికి కాదు. మూత తీసి, కాస్త అల్లమో వెల్లుల్లో నంజుకుని తినేయడమే.

దీని పేరు తోరిసాషి. కోడి సాషిమి అన్నమాట.

మాది తణుకు దగ్గర ఊరు. నాన్నకి చికెన్ షాపు. నేను ఇంజినీరింగ్ చదివిందీ, ఇప్పుడు జపాన్‌లో ఫుకువోకాలో కూర్చుని కోడ్ రాస్తున్నదీ ఆ షాపు డబ్బుతోనే. ఆదివారం పొద్దున్నే లేచి కవర్లు కట్టడం, చిల్లర ఇవ్వడం, బోర్డు మీద లైవ్, స్కిన్, స్కిన్‌లెస్ రేట్లు చెరిపి రాయడం నా చిన్నప్పటి డ్యూటీలు. పచ్చి కోడిని చూసి మొహం తిప్పుకునే రకం కాదు నేను. అలాంటి నాక్కూడా ఆ అర ముందు రెండు నిమిషాలు కాళ్లు కదల్లేదు.

ఫుకువోకా నుంచి కగోషిమాకి బుల్లెట్ ట్రైన్‌లో గంటన్నర కూడా పట్టదు. మా టీమ్ లీడ్ సొంతూరు అది. నవంబరులో ఒక శనివారం "మా ఊరు చూద్దువుగాని రా" అని తీసుకెళ్లాడు. స్టేషన్ దాటి సముద్రం వైపు వెళ్లగానే ఎదురుగా సకురాజిమా కనిపిస్తుంది. నీళ్లకి అవతల, నగరానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, పొగ కక్కుతూ నిలబడిన అగ్నిపర్వతం. 1914లో పేలినప్పుడు కారిన లావా సముద్రాన్ని పూడ్చేసింది. అప్పటిదాకా ద్వీపంగా ఉన్నది ఒకవైపు నేలకి అతుక్కుపోయింది. ఇప్పటికీ బూడిద రాల్తూనే ఉంటుంది. టీవీలో వాతావరణం చెప్పేటప్పుడు కొండ మీద గాలి ఎటు వీస్తోందో కూడా చెబుతారు, బట్టలు బయట ఆరేయాలో లోపల ఆరేయాలో తేల్చుకోవాలిగా. ఇళ్ల ముందు రాలిన బూడిద ఎత్తి వేయడానికి ప్రత్యేకంగా పసుపు రంగు సంచులున్నాయి. చెత్త బండి వచ్చినట్టే బూడిద బండి వస్తుంది.

ఫెర్రీలో పదిహేను నిమిషాల్లో కొండ దగ్గరికి వెళ్లొచ్చు. వెళ్లాం, ఫొటోలు దిగాం, బూడిద తిన్నాం. దాని గురించి ఇన్‌స్టాలో బోలెడు రీల్స్ ఉన్నాయి, చూసుకోండి. నాకు చెప్పాలనిపించింది ఆ రాత్రి భోజనం గురించి.

వాళ్లింట్లో తోరిసాషి పళ్లెం మధ్యలో పెట్టారు. లీడ్ తీసుకున్నాడు, వాళ్లావిడ తీసుకుంది. వాళ్లమ్మగారు మాత్రం తీసుకోలేదు. ఆవిడకి డెబ్భై దాటాయి. "ఒకప్పుడు నేనే ఎక్కువ తినేదాన్ని. ఈ వయసులో ఇంక వద్దన్నారు" అని నవ్వారు. ఆరేళ్ల పాప చాప్‌స్టిక్స్ పట్టుకుని ఆ పళ్లెం వైపు చెయ్యి చాపింది. లీడ్ ఏమీ అనకుండా పళ్లెం జరిపి, వేయించిన కోడి ముక్కలు దాని ముందు పెట్టాడు. కోప్పడలేదు, భయపెట్టలేదు. రోజూ జరిగే పనిలా చేశాడు.

పొద్దున షాపులో ఫోన్ కెమెరా పెట్టి చదివిన లేబుల్ అప్పుడు గుర్తొచ్చింది. కోడి మాంసం పచ్చిగా తింటే ఫుడ్ పాయిజనింగ్ ప్రమాదం ఉందనీ, పిల్లలు, ముసలివాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు తినొద్దనీ ఆ ప్యాకెట్ మీదే రాసి ఉంది. అమ్మేవాడే వద్దని కూడా చెప్పి అమ్ముతున్నాడు.

జపాన్ మొత్తం ఇలా తింటుందని అనుకోకండి. చాలామంది జపాన్ వాళ్లకే ఇది వింత. 2011లో ఒక హోటళ్ల గొలుసులో పచ్చి గొడ్డు మాంసం తిని అయిదుగురు చనిపోయారు. ఆ తర్వాత ప్రభుత్వం రూల్స్ బిగించింది. 2012లో పచ్చి గొడ్డు కార్జం, 2015లో పచ్చి పంది మాంసం హోటళ్లలో పెట్టడం నిషేధించింది. కోడి విషయంలో దేశం మొత్తానికీ అలాంటి నిషేధం లేదు. కానీ కగోషిమా, దాని పక్కనున్న మియాజాకీ, ఈ రెండు రాష్ట్రాల్లో తరతరాలుగా పచ్చి కోడి తింటారు. ఇంటికొచ్చిన చుట్టానికి పెరట్లో కోడిని కోసి పెట్టే ఊళ్లు ఇవి. మా గోదావరి జిల్లాల్లో అల్లుడొస్తే నాటుకోడి కోసినట్టే, పొయ్యి ఒక్కటే తేడా.

మానమంటే మానరని తెలిసి, కగోషిమా రాష్ట్ర ప్రభుత్వం 2000లో సొంతంగా ప్రమాణాలు రాసుకుంది. పచ్చిగా తినే కోడిని ఎలా కోయాలి, ఏ బ్యాక్టీరియా ఎంత ఉండాలి, ఏది అసలు ఉండకూడదు అని. 2018లో వాటిని మళ్లీ సవరించారు. చట్టం కాదు, మార్గదర్శకాలే. కానీ పేరున్న కంపెనీలు వాటిని పాటిస్తాయి.

అసలు కథ కోసే వరసలో ఉంది. ఇది విన్నప్పుడు నాలో ఉన్న చికెన్ షాపు కుర్రాడు చెవులు రిక్కించాడు.

మన దగ్గర పని ఎలా జరుగుతుంది? కోడిని కోసి, వేడి నీళ్లలో ముంచి, ఈకలు తీసే మిషన్లో వేసి తిప్పుతాం. పొట్ట చీల్చి పేగులు లాగుతాం. కందనకాయ, కార్జం పక్కన పెట్టి, మిగతాది మొద్దు మీద పెట్టి ముక్కలు కొడతాం. బ్యాక్టీరియా ఉండేది ఎక్కడ? పేగుల్లో. పేగు ఒక్కటి తెగినా, లాగేటప్పుడు కాస్త కారినా, అది మాంసం మీద పడుతుంది. అదే కత్తి, అదే మొద్దు, అదే చెయ్యి తర్వాతి కోడికి వెళ్తాయి. కగోషిమా వాళ్లు పచ్చిగా తినే కోడికి ఈ వరస తిరగేస్తారు. పొట్ట తెరవకుండానే బయటి నుంచి రొమ్ము, తొడలు ఒలిచి తీసేస్తారు. పేగుల జోలికి పోకుండానే మాంసం చేతికొస్తుంది. తర్వాత ఆ మాంసం పైభాగాన్ని మంట మీద కాలుస్తారు. అందుకే ఆ తెల్లటి అంచు. బ్యాక్టీరియా ఉంటే ఎక్కువగా పైపైనే ఉంటుంది కాబట్టి పైన కాలిస్తే చాలావరకు పోతుంది. ఈ పనికి వాడే కత్తులు, బల్లలు మామూలు కోడికి వాడరు.

కోడిని మంట మీద కాల్చడం మనకీ తెలుసు. నాటుకోడికి ఈకలు పీకి, పసుపు రాసి కాలుస్తాం. మనం నూగు పోవడానికి, వాసనకి కాలుస్తాం, వాళ్లు సూక్ష్మజీవి పోవడానికి కాలుస్తారు.

ఆ సూక్ష్మజీవి పేరు క్యాంపైలోబ్యాక్టర్. జపాన్‌లో ఫుడ్ పాయిజనింగ్ తెచ్చే బ్యాక్టీరియాల్లో ఎక్కువ కేసులు దీనివే. సాల్మొనెల్లా అంత పేరు దీనికి మన దగ్గర రాలేదు గానీ, పని మాత్రం తక్కువ చేయదు. విచిత్రం ఏంటంటే ఇది కోడికి పెద్దగా హాని చేయదు. కోడి ఒంటి వేడి 41, 42 డిగ్రీలు ఉంటుంది. దీనికి సరిగ్గా నచ్చే వేడి అది. పేగుల్లో హాయిగా కాపురం చేస్తుంది. కోడి మేస్తుంది, బరువు పెరుగుతుంది, చూడటానికి నిక్షేపంగా ఉంటుంది. మంచి కోడిని ఏరుకున్నామన్న మాటకి ఇక్కడ అర్థం లేదు.

ఇంకో సంగతి వింటే మా నాన్న ఒప్పుకోడు. గాలిలో ఉన్నంత ఆక్సిజన్ ఈ బ్యాక్టీరియాకి పడదు. 30 డిగ్రీల కంటే తక్కువైతే పెరగదు. అంటే కోసిన మాంసం మీద సాల్మొనెల్లాలాగా గంటగంటకీ పెరిగిపోదు, పైగా మెల్లగా తగ్గుతూ వస్తుంది. వినడానికి శుభవార్తలా ఉంది కదా? తిరగేసి చూడండి. ఇప్పుడే కోసిన కోడి మీదే అది ఎక్కువ బతికి ఉంటుంది!

మన చికెన్ షాపులన్నీ నడిచేది ఒక్క మాట మీద. "కళ్ల ముందే కోసి ఇస్తాం." ఫ్రిజ్‌లో పెట్టిన మాంసాన్ని అనుమానంగా చూసే మనం, గిలగిలా కొట్టుకునే కోడిని చూస్తే ధైర్యపడతాం. టోక్యో హోటళ్లలోనూ సరిగ్గా ఇదే మాట. 'ఈ ఉదయం కోసింది' అని బోర్డు పెట్టి పచ్చి కోడి, సగం కాల్చిన కోడి వడ్డిస్తారు. అక్కడి ఆరోగ్య శాఖ ఏళ్ల తరబడి మొత్తుకుంటోంది, తాజాదనానికీ దీనికీ సంబంధం లేదు బాబూ అని. తాజాగా ఉంటే కుళ్లలేదని అర్థం. బ్యాక్టీరియా లేదని కాదు.

2016 మే సెలవుల్లో టోక్యోలో, నేనుండే ఫుకువోకాలో మాంసాహార ఉత్సవాలు జరిగాయి. అక్కడ కోడి రొమ్ము మాంసంతో సుషీ అమ్మారు. వండుకుని తినాల్సిన మాంసాన్ని సరిగా ఉడకకుండా పెట్టారు. రెండు చోట్లా కలిపి ఎనిమిది వందల మందికి పైగా మంచం పట్టారు. ఆ ఏడాది జపాన్‌లో నమోదైన క్యాంపైలోబ్యాక్టర్ సంఘటనలు 339, రోగులు 3,272 మంది. అసలు డాక్టర్ దగ్గరికి వెళ్లని వాళ్లు ఈ లెక్కలో లేరు. కొన్ని వందల బ్యాక్టీరియా లోపలికి వెళ్తే చాలు. పైగా జబ్బు వెంటనే రాదు. రెండు నుంచి అయిదు రోజుల తర్వాత జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు, ఒక్కోసారి రక్తం. ఆదివారం తిన్నదానికి గురువారం కడుపు పట్టుకుంటే బుధవారం తిన్న పానీపూరీని తిడతాం.

చాలామందికి వారంలో తగ్గిపోతుంది. కానీ సుమారు వెయ్యిమందిలో ఒకరికి ఇది వచ్చి తగ్గాక గులియన్ బారీ సిండ్రోమ్ వస్తుంది. జీబీఎస్. బ్యాక్టీరియాతో పోరాడిన శరీరం పొరపాటుపడి తన నరాలనే శత్రువనుకుని దాడి చేస్తుంది. కాళ్ల దగ్గర తిమ్మిరితో మొదలై పైకి పాకుతుంది. ఊపిరి కండరాలదాకా వస్తే వెంటిలేటరే.

ఈ పేరు మీకు గుర్తుండే ఉంటుంది. 2025 జనవరిలో పుణెలో జీబీఎస్ కేసులు పుట్టుకొచ్చాయి, రెండు వందలు దాటాయి. కొందరు రోగుల నమూనాల్లో క్యాంపైలోబ్యాక్టర్ దొరికింది. అక్కడ ఎక్కువ అనుమానం తాగునీటి మీదే. ఫిబ్రవరికల్లా గుంటూరు నుంచి కూడా జీబీఎస్ వార్తలు మొదలయ్యాయి. సరిగ్గా అదే సమయంలో మా గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ. తణుకు చుట్టుపక్కల కోళ్లను పూడ్చిపెట్టారు. నాన్న షట్టర్ దించేశాడు. మళ్లీ తెరిచాక కూడా వారాల పాటు ఈగలు తోలుకున్నాడు. ఊళ్లో జనం చికెన్ వైపు చూడలేదు. భయం లేదని చూపించడానికి వ్యాపారులు చికెన్ మేళాలు పెట్టి ఉచితంగా వండి పంచితే జనం ఎగబడ్డారు, అది వేరే తమాషా.

నాకు అప్పుడు బాధనిపించింది, ఇప్పుడు ఇంకోలా అనిపిస్తోంది. వైరస్ పేరు వినగానే చికెన్ మొత్తం మానేశాం, అది ఉడికిస్తే చచ్చేదే అయినా. ఏడాది పొడవునా ఉండే బ్యాక్టీరియా గురించి మాత్రం ఒక్కళ్లం అడగలేదు, అది కూడా ఉడికిస్తే చచ్చేదే. ముక్క మధ్యలో వేడి 74, 75 డిగ్రీలకి చేరితే క్యాంపైలోబ్యాక్టర్, సాల్మొనెల్లా రెండూ పోతాయి. మన కోడికూర ఆ వేడిని ఎప్పుడో దాటేస్తుంది. ఎముక దగ్గర ఎర్రగా ఉంటే అమ్మ మళ్లీ మూత పెట్టేస్తుంది. కూర విషయంలో మనల్ని మించినవాళ్లు లేరు. కూర పక్కన పెట్టుకునే వాటిలోనే వచ్చింది చిక్కు.

చికెన్ కోసిన పీట మీదే ఉల్లిపాయ చక్రాలు. చికెన్ కలిపిన చేత్తోనే నిమ్మకాయ ముక్క, దింపేముందు చల్లే కొత్తిమీర. ఉల్లిపాయ పచ్చిగానే తింటాం కదా! పచ్చి కోడిని తినని మనం, పచ్చి కోడి నీళ్లు తగిలిన ఉల్లిపాయని బిర్యానీలో నంజుకుంటాం. పచ్చి గుడ్డు సంగతీ అంతే. మోమోల మీద వేసుకునే మయోనీజ్‌లో ఉండేది పచ్చి గుడ్డేనని హైదరాబాద్‌లో చాలామందికి 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఏడాది పాటు నిషేధించినప్పుడే తెలిసింది. కగోషిమా వాళ్లని చూసి ఛీ అనే ముందు ఇది గుర్తు పెట్టుకోవాలి.

ఇక కడగడం. నెట్‌లో ఎక్కడ చూసినా చికెన్ కడగొద్దనే ఉంటుంది. బ్రిటన్‌లో 2014లో దీని మీద పెద్ద ప్రచారమే చేశారు. 2019లో అమెరికా వ్యవసాయ శాఖ ఒక అధ్యయనం బయటపెట్టింది. చికెన్ కడిగినవాళ్లలో 60 శాతం మంది సింకుల్లో బ్యాక్టీరియా మిగిలింది, 26 శాతం మంది సలాడ్‌లోకి చేరింది. చాలామంది ఇక్కడితో ఆపేసి షేర్ కొడతారు. అదే అధ్యయనంలో అసలు కడగని వాళ్లలోనూ 31 శాతం మంది సలాడ్‌లోకి బ్యాక్టీరియా చేరింది. ఎలా? చేతుల వల్ల. సబ్బుతో సరిగా కడుక్కోకపోవడం వల్ల.

నా మట్టుకు నాకు, తణుకులో అమ్మకి ఫోన్ చేసి "చికెన్ కడగొద్దు" అని చెప్పే ధైర్యం లేదు, అవసరమూ లేదనిపిస్తుంది. ఆ సలహా ప్యాకెట్లో శుభ్రంగా వచ్చే చికెన్‌ని దృష్టిలో పెట్టుకుని రాసింది. మొద్దు మీద కొట్టిన చికెన్లో ఎముక పొడి, రక్తపు గడ్డలు, ఒకటో రెండో ఈకలు ఉంటాయి. కడగకుండా వండమంటే ఎవరు వింటారు? కుళాయి కింద ధారగా పట్టొద్దు, గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కలిపి మెల్లగా వంపు, పక్కన కడిగిన గిన్నెలు, కూరలు పెట్టుకోకు, సింకు సబ్బుతో తోము, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఉల్లిపాయ పట్టుకో అని మాత్రం చెప్పాను. ఉప్పు, పసుపు వేసి కడిగితే పోదా అంది. వాసన పోతుంది గానీ పురుగు పోదమ్మా అన్నాను. "సరేలే, జపాన్ వెళ్లి డాక్టరువయ్యావు" అంది.

ఇంతకీ ఆ రాత్రి తోరిసాషి తిన్నానా అంటే, లేదు. లీడ్ పళ్లెం నా వైపు జరిపాడు. కోసే వరస, కాల్చే పద్ధతి, పరీక్షలు అన్నీ విన్నాక నాకు ఆ వంట మీద గౌరవమే కలిగింది. అయినా పరీక్ష చేసేది కొన్ని నమూనాల మీద. టెస్టింగ్‌లో బగ్ కనపడలేదంటే బగ్ లేదని కాదు, రోజూ మేమిద్దరం చేసే పనే అది. నాకు చిన్నప్పట్నుంచీ అలవాటైన రుచి కాదు, వదులుకుంటే పోయేదేమీ లేదు. వెయ్యిలో ఒకటి అనే అంకెని నా కాళ్ల మీద ప్రయోగం చేయడం ఇష్టం లేక "వేయించినవి తింటాను" అన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. పాప పళ్లెంలోంచి నాకు రెండు ముక్కలు వేశాడు. పాప మాత్రం గుర్రుగా చూసింది.

మర్నాడు నాన్నకి వీడియో కాల్ చేసి సూపర్ మార్కెట్ అర చూపించాను. పచ్చిదని చెప్తే నమ్మలేదు. "కేజీ ఎంత పడుద్దిరా?" అన్నాడు ముందు. వంద గ్రాములు 300 యెన్లు, మన లెక్కలో కేజీ 1,700 రూపాయల దాకా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "ఉడకబెట్టకుండా పదిహేడొందలా" అని గొణుక్కున్నాడు.

పొట్ట తెరవకుండా మాంసం ఒలిచే పద్ధతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ముప్పై ఏళ్లుగా కత్తి పట్టినవాడు, సగం చెప్పేసరికే చేతులు గాల్లో తిప్పి చూసుకున్నాడు. "చెయ్యొచ్చురా, కష్టం కాదు. కానీ ఆదివారం పూట యాభై మంది క్యూలో ఉంటారు. కందనకాయ, కార్జం కళ్లబడకపోతే నొక్కేశాననుకుంటారు. పైగా మనోళ్లకి ఎముకలుండాలి, ఉత్త కండ ఎవడిక్కావాలి?" అన్నాడు. నిజమే. పచ్చిగా తినని మాంసానికి అంత తంతు అక్కర్లేదు కూడా.

అయితే బకెట్ సంగతి పట్టుకున్నాను. కోసిన ప్రతి కోడినీ ముంచి తీసే నీళ్ల బకెట్ షాపులో ఒకటుంటుంది. పదో కోడి వచ్చేసరికి అది నీళ్లు కాదు. ఒక్క కోడి పేగుల్లో ఉన్నది ఆ బకెట్ ద్వారా మిగతా తొమ్మిదింటికీ అంటుతుంది. కత్తి, మొద్దు గంటకోసారి వేడి నీళ్లతో కడగమని కూడా అన్నాను. నాన్నకి కోపం వచ్చింది. "ఈ బకెట్టే నిన్ను చదివించింది" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

రెండు వారాల తర్వాత అమ్మ వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. షాపులో బకెట్ ఉండే చోట కొత్త కుళాయి, దానికి నీలం రంగు పైపు. కింద నాన్న వాయిస్ మెసేజ్.

"మోటారు పొద్దస్తమానం ఆడుతుంది. కరెంటు బిల్లు నీకు పంపిస్తా, కట్టు."